ఆర్కిడ్ మొగ్గ మెడ ఎందుకు తిప్పుకుంటుంది

ఒకప్పుడు ఆర్కిడ్ పువ్వు ఇప్పుడు మనం చూసేలా ఉండేది కాదు. తలకిందులుగా ఉండేది. అప్పటివాళ్ళకి మాత్రం అదే సరైన తీరు.

ఆర్కిడ్‌కి ఆరు రేకులు. అందులో ఐదు ఇంచుమించు ఒకే పోలిక. ఆరోది మాత్రం వేరు. వెడల్పుగా, వంపు తిరిగి, చారలు దిద్దుకుని సోకుగా ఉంటుంది. ఆ రోజుల్లో ఈ సోకు రేకు పువ్వు నెత్తి మీద ఉండేది. కొండ పొలాల్లో వానలో పనిచేసేవాళ్ళు తలమీద తాటాకు గిడుగు పెట్టుకుంటారే, అచ్చం అలాగే. చినుకు పడితే గిడుగు మీద నుంచి జారిపోయేది. లోపలి తేనె తడిసేది కాదు.

"నా గిడుగు నాకుంది. ఇంకొకరితో నాకేం పని?" అనుకునేది ఆర్కిడ్.

ఇంకొకరితో పనిలేదా? అదీ చూద్దాం.

ఆ ఆర్కిడ్ పుట్టింది అడవిలో, ఎత్తయిన ఒక చెట్టు కొమ్మ మీద. ఒక ఏడాది ఈదురుగాలికి ఆ కొమ్మ విరిగింది. కొమ్మతోపాటు ఆర్కిడ్ కూడా దబ్బున బురదలో పడింది. ఎవరూ చూడలేదు. వేళ్ళు సగం కుళ్ళిపోయాక, పుల్లలకని వచ్చిన బుద్రి చూసింది. బుద్రి ఆ కొండ మీది ఊళ్ళో ఒక్కతే ఉండే మనిషి. బురద తుడిచి, కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది.

పక్కింటి కాసులమ్మ ముక్కు మూసుకుంది. "ఏటే అది? కుళ్ళిన ఉల్లికాడలా కంపు కొడతంది!"

"బతుకుద్దేమోనని తెచ్చాను పిన్నీ."

"బతకాలంటే మట్టిలో పాతు మరి."

"మట్టిలో పడే కదా ఇలాగయింది. దీని వేళ్ళకి గాలి కావాలి" అంది బుద్రి.

కుళ్ళిన వేళ్ళు కోసేసింది. ఒక చెక్కముక్క తెచ్చి, దాని మీద నాలుగు బొగ్గుముక్కలు పేర్చి, ఆర్కిడ్‌ని నారతో కట్టింది. తీసుకెళ్ళి చూరుకి వేలాడదీసింది. రోజూ పొద్దున్నే ముందు దాని వేళ్ళు చూసేది. పచ్చగా ఉంటే ఊరుకునేది. తెల్లబడితే దాహం వేసిందని నీళ్ళు చిలకరించేది. ఎండ సూటిగా తగలకుండా చాప అడ్డం కట్టింది. ఆకుల మధ్య మొవ్వులో నీళ్ళు నిలిస్తే కొంగు కొసతో అద్ది తీసేది. అక్కడ తడి ఉంటే మొక్క కుళ్ళుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చూసి చూసి తెలుసుకుంది.

అలా చూసుకోగా చూసుకోగా ఆర్కిడ్ ఒక పువ్వు పూసింది. నెత్తిన గిడుగుతో, నిండుగా.

"ఒలమ్మ! ఉల్లికాడకి ఎంత టెక్కు!" అంది కాసులమ్మ, దాన్ని చూడటానికే రెండుసార్లు వచ్చి.

తర్వాత వానలు దిగాయి. ఆగని వానలు. వాగు పొంగింది. ఒక మధ్యాహ్నం, నిండా తడిసిన తేనెటీగ ఒకటి ఎగరలేక ఎగురుతూ చూరు కిందికి వచ్చింది. వచ్చి పువ్వు అంచు పట్టుకుంది.

"అక్కా, మా గూడు ఉన్న చెట్టు కూలిపోయింది. నీ గిడుగు కింద కాస్త తలదాచుకోనిస్తావా?"

"నీ కాళ్ళ నిండా బురద" అంది ఆర్కిడ్.

"వాన తగ్గగానే పోతాను."

"అందరూ అలాగే అంటారు. ఇవాళ తల దాచుకుంటావు, రేపు తేనె తాగుతావు, ఎల్లుండి చుట్టాలందర్నీ తోలుకొస్తావు."

"రెక్కలు అంటుకుపోయాయక్కా. ఎక్కడికీ పోలేను. చలి…"

"పక్కకి చూసుకో."

తేనెటీగ కదల్లేదు. కదిలే శక్తి లేదు దానికి. ఆర్కిడ్ పువ్వుని ఒక్క విదిలింపు విదిలించింది. తేనెటీగ నేలమీద పడింది. కాళ్ళు ముడుచుకుని అలాగే ఉండిపోయింది.

"చూశాను" అంది వాన, చూరు అంచు నుంచి కారుతూ.

"నీ పని నువ్వు చూసుకో" అంది ఆర్కిడ్.

అంతలో బుద్రి బయటికొచ్చింది. సరిగ్గా పువ్వు కింద పడున్న తేనెటీగని చూసింది. పువ్వుని చూసింది. మళ్ళీ తేనెటీగని చూసింది. ఆమె మొహం విప్పారింది.

"నా తల్లే! దీనికి చోటిచ్చావా? గిడుగు పట్టావా దీనికి? పాపం, పట్టు తప్పి పడినట్టుంది." తేనెటీగని అరచేతిలోకి తీసుకుని వెచ్చగా ఊదింది. "నిన్ను ఇంటికి తెచ్చినందుకు ఇవాళ నా కడుపు నిండిపోయింది" అంది ఆర్కిడ్‌తో.

కాదు అని చెప్పాలి. ఎంత చిన్న మాట అది! ఆర్కిడ్ చెప్పలేదు. ఇప్పుడు కాదులే, తర్వాత చెబుదాం అనుకుంది.

బుద్రి తేనెటీగని పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టింది. ఆకు మీద బెల్లం నీళ్ళు పెట్టింది. అది బతికింది. గుమ్మం పక్కన వెదురు తడిక మీద కూర్చుని బయట వానని చూస్తూ ఉండేది.

ఈలోగా మాట ఊరంతా పాకింది. బుద్రి ఇంట్లో పువ్వు ఉందట, దానికి దయ ఉందట, తేనెటీగకి గిడుగు పట్టిందట. వానలోనే జనం వచ్చారు. పిల్లల్ని ఎత్తుకుని చూపించారు. "చూడు, ఆ పువ్వుని చూసి నేర్చుకో. నువ్వు మీ తమ్ముడికి కందిపప్పంత బెల్లం పెట్టవు" అని ఒకావిడ కూతురికి మొట్టికాయ వేసింది. ఎవరో చెక్కకి పసుపు రాశారు.

ఆర్కిడ్‌కి ఒళ్ళంతా మంట. పొగిడినకొద్దీ ఎక్కువవుతోంది. తేనె చేదెక్కినట్టుంది. ఎవరూ చూడకుండా ఉంటే బాగుండును. కానీ పువ్వుకి దాక్కునే చోటెక్కడుంటుంది?

"ఇంకా చెప్పలేదా?" అని వాన తాటాకుల మీద టపటపలాడింది. "పోనీ నన్ను చెప్పమంటావా? నాకు పెద్ద గొంతుంది."

"వద్దు! వద్దు!"

జనం లేనప్పుడు చూసి ఆర్కిడ్ తడిక వైపు తిరిగి మెల్లగా అడిగింది. "చెల్లీ… నువ్వు బుద్రితో ఎందుకు చెప్పలేదు?"

తేనెటీగ వెనక్కి కూడా తిరగలేదు. "ఏం చెప్పలేదు?"

"అదే. నేను నిన్ను…"

"నీ సంగతి ఆలోచించే ఓపిక నాకెక్కడిది? మావాళ్ళు ఎంతమంది మిగిలారో అని చూస్తున్నా."

తిట్టి ఉంటే ఆర్కిడ్‌కి కాస్త తేలికయ్యేది. తిట్టనైనా లేదు.

మర్నాడు కాసులమ్మ గుప్పిట మూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. గుప్పిట్లో ఇంకో తేనెటీగ. చిన్నది. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది.

"బుద్రీ! వాగు ఒడ్డున దొరికిందే. మా పొయ్యిలో పుల్లలు తడిసి ఇల్లంతా పొగ. అందుకే ఇలా తెచ్చాను. మీ పువ్వు దగ్గర పెట్టేదా?"

లోపల రుబ్బుతున్న బుద్రి అక్కణ్ణించే కేకేసింది. "పెట్టు పిన్నీ! అది చూసుకుంటుంది."

అది చూసుకుంటుంది.

కాసులమ్మ వేళ్ళు దగ్గరికొచ్చాయి. ఆ చిన్న తేనెటీగని పువ్వు మీద పెట్టింది. అది కాళ్ళతో తడుముకుంది. నిలవడానికి ఎక్కడా చోటు లేదు. పైన గిడుగు ఉంది గానీ కింద అంతా జారుడే. కాలు జారింది. ఇంకో కాలూ జారింది. తడిక మీది తేనెటీగ లేచి నిలబడింది.

"తియ్యండి!" అని అరిచింది ఆర్కిడ్. "పడిపోతుంది, తియ్యండి! నా దగ్గర చోటు లేదు. ఆవేళా లేదు. నేను గిడుగు పట్టలేదు. చలి అంటే కూడా వినలేదు. నేనే విదిలించి పడేశాను!"

కాసులమ్మ చటుక్కున కింద అరచెయ్యి పట్టి తేనెటీగని అందుకుంది. రుబ్బురోలు చప్పుడు ఆగిపోయింది.

బుద్రి బయటికొచ్చింది. కాసులమ్మ చేతిలోంచి ఆ చిన్నదాన్ని తీసుకుని, లోపలికెళ్ళి పొయ్యి దగ్గర పడుకోబెట్టింది. దాని కాళ్ళు కదిలేదాకా అక్కడే కూర్చుంది. తడిక మీది తేనెటీగ కూడా వెళ్ళి పక్కన వాలింది. ఆ తర్వాతే బుద్రి మళ్ళీ వసారాలోకి వచ్చింది.

"ఊరందరి చేతా దణ్ణాలు పెట్టించుకుంది, దొంగమొహం!" కాసులమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఇంకా చూస్తావేటే? తెచ్చిన బురదలోనే పారేసిరా!"

ఆర్కిడ్ కూడా అదే అనుకుంది. పారెయ్యి అనుకుంది. అది న్యాయమే.

బుద్రి చెక్కని దించింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"వేళ్ళు తెల్లబడ్డాయి పిన్నీ. ఈ గొడవలో పడి రెండ్రోజులుగా చూడలేదు" అంది. చెంబు తెచ్చి నీళ్ళు చిలకరించింది. మొవ్వులో పడిన చుక్కని కొంగుతో అద్దింది. మళ్ళీ చూరుకి తగిలించి, లోపలికెళ్ళి రుబ్బుకోసాగింది. నా తల్లే అని మాత్రం అనలేదు.

బురదలో పారేసినా ఓర్చుకునేదేమో. ఆ నీళ్ళని ఓర్చుకోలేకపోయింది ఆర్కిడ్.

ఆ పువ్వు వాడి రాలిపోయింది. వానలు తగ్గాయి. బుద్రి ఎప్పటిలాగే పొద్దున్నే వేళ్ళు చూసేది, నీళ్ళు చిలకరించేది. కొన్నాళ్ళకి కొత్త కాడ వచ్చింది. కాడ నిండా మొగ్గలు. ఊరి పిల్లలు ఎదురుచూశారు.

విచ్చుకునే రోజు దగ్గరపడింది. ఎదురుగా గుమ్మంలో బుద్రి. ఏ మొహంతో విచ్చుకోవాలి? మొదటి మొగ్గ సిగ్గుతో మెడ తిప్పుకుంది. ఎంత తిప్పుకున్నా సిగ్గు తీరలేదు. ఇంకా తిప్పింది. దాన్ని చూసి రెండోదీ తిప్పింది, మూడోదీ తిప్పింది. మెడలు తిరిగి తిరిగి, చివరికి పైనున్న గిడుగు రేకు పూర్తిగా కిందికి వచ్చేసింది. అలాగే విచ్చుకున్నాయి.

ఇప్పుడు నెత్తిన ఏమీ లేదు. చినుకు పడితే తేనె తడుస్తుంది. తడవనీ అనుకుంది ఆర్కిడ్.

అప్పుడొచ్చింది తేనెటీగ. వెనకాలే చిన్నది కూడా వచ్చింది. కొత్త పువ్వు చుట్టూ తిరిగి, కిందికొచ్చిన ఆ వెడల్పాటి రేకు మీద మెల్లగా కాలు మోపి చూసింది. జారలేదు. ఆరు కాళ్ళూ మోపింది.

"ఇదేంటక్కా, పీట వేశావా?"

ఆర్కిడ్ మొహం అటే తిప్పుకుని ఉంది.

"మొహం తిప్పుకుంటే తిప్పుకో. నాకు కూర్చోడానికి చోటుంది, అంతే చాలు" అని, చిన్నదాన్ని పిలిచింది. "రావే. జారదు. రా."

అప్పటినుంచే ఆర్కిడ్ మొగ్గలు విచ్చుకోబోయే ముందు మెడ తిప్పుకుంటున్నాయి. నమ్మకపోతే ఆర్కిడ్ ఉన్నవాళ్ళింటికి వెళ్ళి పువ్వు వెనక కాడని దగ్గరగా చూడండి. పిండిన గుడ్డకి పడ్డట్టు సన్నగా ఒక మెలి కనిపిస్తుంది. తేనెటీగలు ఎప్పుడో మర్చిపోయాయి. కొత్తగా పుట్టే మొగ్గని ఎవరూ ఏమీ అనరు. అయినా ప్రతి మొగ్గా, తనే చేసినట్టుగా, మొహం తిప్పుకుంటూనే పీట వేస్తుంది.