గవరయ్య బోల్టుల డబ్బా

ఇటు తిరిగి పడుకో నా తల్లీ. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. నేను చెప్తుంటే నువ్వు ఊఁ కొట్టాలి. కొట్టలేదో, కథ మధ్యలో వదిలేసి నేనే నిద్రపోతాను, నా సంగతి నీకు తెలుసుగా.

అనగా అనగా, కొండ కింద ఒక ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన పెళ్ళాం పేరు అచ్చియ్యమ్మ. గవరయ్య బెల్లం కొట్లో కాటా వేసే పని చేసేవాడు. పొద్దున్నే చద్దన్నం తిని వెళ్తే దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేవాడు. మనిషి వెన్నపూస. కానీ ఆయనకి ఒక జబ్బుండేది. ఇంట్లో ఏది పాడైనా తనే బాగుచెయ్యాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదు.

"దేవుడు రెండు సేతులు ఎందుకిచ్చినాడే? డబ్బులు పోసి ఇంకోడి సేతులు తెచ్చుకోడానికా?" అనేవాడు.

ఈ జబ్బు ఎప్పుడు పట్టుకుందో చెప్పనా? వాళ్ళకి నీలవేణి అని కూతురు పుట్టినప్పుడు పట్టుకుంది. ఇంట్లో గవరయ్య వాళ్ళమ్మ నాటి చెక్క ఉయ్యాల ఒకటుంది. దాని అడుగుపలక ఊడిపోయింది. బయట ముసురు. వడ్రంగి వచ్చే దారి లేదు. పిల్లేమో గుక్కపట్టి ఏడుస్తోంది. అప్పుడు గవరయ్య అచ్చియ్యమ్మ పాత నేత చీర తీసి, దూలానికి రెండు కొసలూ కట్టి, ఉయ్యాల చేసేశాడు. పిల్లని అందులో వేస్తే అటూ ఇటూ రెండు ఊపులు ఊగి నిద్రపోయింది.

అచ్చియ్యమ్మ మురిసిపోయి, "నీ సేతిలో ఏదో మహిమ ఉందయ్యా" అంది.

అంతే. ఆ మాట గవరయ్య తలకెక్కి కూర్చుంది. చూశావా, మొగుణ్ణి మెచ్చుకునేటప్పుడు కాస్త చూసుకుని మెచ్చుకోవాలి.

ఆ తర్వాత ఒకరోజు పెరట్లో కుళాయి కారింది. గవరయ్య ఆదివారమంతా దాని ముందు కూర్చున్నాడు. విప్పాడు, తుడిచాడు, బిగించాడు. చివరికి చేతిలో ఒక నట్టు మిగిలింది. అటు చూశాడు, ఇటు చూశాడు. అది ఎక్కడిదో తెలియలేదు.

"ఈ కంపెనీవోళ్ళు ఎప్పుడూ ఒకటి ఎక్కువే పెడతారు" అని, దాన్ని ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. పొద్దున్నే ఈలవేసుకుంటూ కొట్టుకి వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, కుళాయి మూతి ఎగిరిపోయింది. పెరడంతా చెరువయింది. అప్పుడు అచ్చియ్యమ్మ చీర ఎగ్గట్టుకుని పరిగెత్తి, కుళాయిలు చేసే అతన్ని తీసుకొచ్చింది. పాలమ్మిన డబ్బుల్లోంచి అతనికిచ్చి పంపించింది. సాయంత్రం గవరయ్య వచ్చాడు. కుళాయి తిప్పాడు, కట్టాడు, మళ్ళీ తిప్పాడు. ఒక్క చుక్క కారలేదు. ఆయన మొహం దీపావళి రాత్రి వాకిలిలా వెలిగిపోయింది.

చెప్పేద్దామని నోరు తెరిచిన అచ్చియ్యమ్మ, ఆ మొహం చూసి నోరు మూసుకుంది.

ఆ తర్వాత వానకి ఇల్లు కారుతోందని గవరయ్య పెంకులు సర్దడానికి ఇంటిమీదికి ఎక్కాడు. ఒక పెంకు సర్దడానికి వెళ్ళి మరో నాలుగు తొక్కి పగలగొట్టాడు. కిందికి దిగేసరికి ఒక మంచి పెంకు చేతిలో మిగిలింది. అది డబ్బాలో పట్టలేదు, మంచం కిందికి తోశాడు. మర్నాడు ఆయన కొట్టుకెళ్ళగానే పెంకులు నేసే మనిషి వచ్చి మొత్తం సర్దేసి వెళ్ళాడు. అచ్చియ్యమ్మ అతనికి అన్నం కూడా పెట్టింది పాపం. సాయంత్రం పెద్ద వాన కురిసింది. ఇంట్లో ఒక్క చినుకు పడలేదు. గవరయ్య తడి లేని నేలమీద చెయ్యి రాసి రాసి చూసుకున్నాడు.

ఆ తర్వాత స్కూటరు. దానికి ముందే ఒక రోగం ఉంది. పక్కకి ఒరగేసి, నిలబెట్టి, అప్పుడు తంతే గాని స్టార్టయ్యేది కాదు. గవరయ్య దాన్ని గోనెపట్టా మీద పెట్టి, పేగులన్నీ బయటికి తీశాడు. మళ్ళీ లోపల పెట్టేసరికి గుప్పెడు స్క్రూలు, రెండు బోల్టులు మిగిలాయి. అవీ డబ్బాలో పడ్డాయి. స్కూటరు ఎంత తన్నినా కదల్లేదు.

"రేపటికి సర్దుకుంటాది. ఇంజినుకి కూడా అలుపుంటాది" అని చెప్పి, మర్నాడు బస్సులో కొట్టుకి వెళ్ళాడు.

అచ్చియ్యమ్మ ఎండలో స్కూటరు తోసుకుంటూ మెకానిక్ జిలానీ షెడ్డుకి వెళ్ళింది. "బాబూ, దీన్ని బాగుచెయ్యి. కానీ ఇంకెవరో బాగుచేసినట్టు కనపడకూడదు. మసి తుడవకు. ఒరగేస్తేనే స్టార్టయ్యేలా ఉంచు" అంది.

జిలానీ చేతిలోని పానా నేలమీద పెట్టి నోరెళ్ళబెట్టాడు. "ఇదెక్కడి బేరమమ్మా! అందరూ కొత్త బండిలా మెరవాలంటారు."

"మా ఇంట్లో మెరవాల్సింది బండి కాదులే బాబూ" అంది అచ్చియ్యమ్మ.

ఊఁ కొట్టవేం? ఆఁ, అలాగ.

అలా ఏళ్ళు గడిచాయి. డబ్బా బరువెక్కింది, గవరయ్య గర్వమూ బరువెక్కింది. తన చేత్తో బాగుచేసింది మళ్ళీ పాడవదని ఊరంతా చెప్పుకున్నాడు. నీలవేణికి పెళ్ళయింది. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. నీలాగే గుండ్రటి బుగ్గలతో ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున పాపని ఉయ్యాల్లో వెయ్యాలని ముహూర్తం పెట్టారు.

అప్పుడు గవరయ్య అటకెక్కి, అడుగుపలక ఊడినప్పట్నుంచీ అక్కడే పడున్న వాళ్ళమ్మ నాటి చెక్క ఉయ్యాల దించాడు.

అచ్చియ్యమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏటి సేస్తావయ్యా దాన్ని?"

"నా మనవరాలి ఉయ్యాల నేను కాక ఇంకెవులు బాగుసేస్తారే?"

కొట్లో సెలవు పెట్టేశాడు. వసారాలో ఉయ్యాల ముందు కూర్చున్నాడు. ఇంక లేవడు. ఆయన్ని కాసేపు బయటికి పంపి వడ్రంగిని పిలవాలని, మొదట అచ్చియ్యమ్మ, ఉప్పు అయిపోయింది తెమ్మంది. గోడ మీంచే పక్కింటి వాళ్ళని గిన్నెడు ఉప్పు అడిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత, కొట్టు యజమాని రమ్మంటున్నాడని చెప్పింది. "సెలవులో ఉన్నోణ్ణి రమ్మంటాడా, నేను పోను" అన్నాడు. ఆ తర్వాత, పోనీ రాత్రి పడుకున్నాక వడ్రంగి ఇంటికి మోసుకుపోదామనుకుంది. ఆ మహానుభావుడు ఉయ్యాల పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు.

పైగా దాన్ని దేంతో బిగించాడనుకున్నావు? బిస్కెట్ల డబ్బా బోర్లించి, కుళాయి నట్టూ, స్కూటరు స్క్రూలూ అన్నీ ఏరుకున్నాడు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, ఒకటి సన్నది. "సూసావా, ఎప్పుడో దాసినవి ఇప్పుడు అక్కరకొచ్చినాయి" అని నవ్వాడు. అచ్చియ్యమ్మకి నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ కుళాయి కారితే నీళ్ళు పోయేవి. ఇల్లు కారితే పక్కలు తడిసేవి. ఇప్పుడు అందులో పడుకోబోయేది పసిపిల్ల.

ముహూర్తం రోజు వచ్చింది. ఉయ్యాలకి బంతిపూలు కట్టి, గొలుసులతో దూలానికి వేలాడదీశారు. వియ్యాలవారు వచ్చారు. వియ్యపురాలు మంచిదే గానీ నోరు కొంచెం పెద్దది. గవరయ్య అందరికీ ఉయ్యాల చూపించి, "నా సేత్తో నేనే బాగుసేసినాను" అని చెప్తున్నాడు. అచ్చియ్యమ్మ ఒళ్ళో పాప. చెప్తే అందరి ముందూ మొగుడి తల దిగిపోతుంది. చెప్పకపోతే పాప పడిపోతుంది. పాపని ఇంకా దగ్గరికి తీసుకుంది.

"పాపని వెయ్యండమ్మా, వేళ దాటిపోతంది" అంది వియ్యపురాలు.

అప్పుడు అచ్చియ్యమ్మకి పొత్రం గుర్తొచ్చింది. మనలో ఒక ఆచారం ఉంది తల్లీ. పిల్లని ఉయ్యాల్లో వేసే ముందు రోటి పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాన్నే ముందు ఉయ్యాల్లో పడుకోబెట్టి జోలపాడతారు. పిల్ల రాయిలా గట్టిగా ఉండాలని అంటారు. నన్నడిగితే, అది పెట్టిన ముసలమ్మ ఎవరో గాని, ఆమె మొగుడు కూడా గవరయ్యలాంటివాడే అయుంటాడు.

"ముందు పొత్రం వెయ్యాలి" అంది అచ్చియ్యమ్మ.

"ఇప్పుడెవులు వేస్తన్నారమ్మా అవన్నీ!" అంది వియ్యపురాలు.

"మా ఇంట్లో వేస్తాం" అని, పాపని నీలవేణికిచ్చి, వంటింట్లోకి వెళ్ళింది. చిన్న పొత్రం కాదు, పెద్ద రుబ్బురోటి పొత్రమే తెచ్చింది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

"ఏనుగుని వేసినా ఆగుతాది నా ఉయ్యాల" అని గవరయ్య మీసం తిప్పాడు.

పొత్రాన్ని పడుకోబెట్టారు. ఆడవాళ్ళు జోల ఎత్తుకున్నారు. ఒక ఊపు ఊపారు, ఏం కాలేదు. రెండో ఊపు ఊపారు, కిర్రుమంది. మూడో ఊపు ఊపేసరికి అడుగుపలక ఊడి, పొత్రం ధడేల్మని నేలమీద పడింది. గచ్చు పగిలింది. స్క్రూలు నాలుగు దిక్కులకీ దొర్లాయి.

జోలపాట ఆగిపోయింది. నీలవేణి పాపని గుండెకి హత్తుకుంది. వియ్యపురాలి నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు.

గవరయ్య వంగి స్క్రూలు ఏరుకున్నాడు. "ఇన్నేళ్ళూ నా సేత్తో సేసింది ఏదీ ఊడనేదే. ఇదొక్కటీ ఎలాగ ఊడింది? ఉండండి, ఒక్క చిటికెలో మళ్ళీ బిగించేస్తాను" అన్నాడు.

"వద్దయ్యా" అంది అచ్చియ్యమ్మ. ఇంక దాచలేకపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని మొత్తం చెప్పేసింది.

"కుళాయి నువ్వా బాగుసేయించింది?"

"నేనే."

"పెంకులో?"

"అవీ అంతే."

గవరయ్య చేతిలోని స్క్రూల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత చిన్న గొంతుతో, "స్కూటరు కూడానా?" అన్నాడు.

అచ్చియ్యమ్మ తలూపింది.

"మరి నాకెందుకు సెప్పనేదే?"

"సాయంత్రం వచ్చి కుళాయి తిప్పుకుంటావు సూడు, అప్పుడు నీ మొహం ఎంత బాగుంటాదో నీకేటి తెలుసు. దాన్ని ఆర్పడానికి నాకు మనసొప్పనేదయ్యా."

గవరయ్య గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "అయితే ఈ సేతుల్లో ఏటీ నేదన్నమాట" అన్నాడు.

అప్పుడు అచ్చియ్యమ్మ లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత నేత చీర తెచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడిపోయిన చీర. దాన్ని గవరయ్య ఒళ్ళో పెట్టింది.

"నీ కూతురు పుట్టినప్పుడు దీంతో ఉయ్యాల కట్టినావు. పిల్ల అందులోనే ఊగి, నడక నేర్చే దాకా పెరిగింది. ఆ ముడి మాత్రం నేను ఎవుల సేతా మళ్ళీ ఎయ్యించనేదు. నీ తోడు."

గవరయ్య తలెత్తి ఆమెని చూశాడు. లేచాడు. స్టూలెక్కి, అదే దూలానికి, అదే చీరతో ముడి వేశాడు. రెండు చేతులతోనూ లాగి చూసుకున్నాడు. నీలవేణి పాపని తీసుకుని దగ్గరికి వచ్చింది.

"ఆగమ్మా, ముందు పొత్రం" అన్నాడు గవరయ్య.

తనే పొత్రం ఎత్తి చీరలో పడుకోబెట్టాడు. ఒక ఊపు, రెండు ఊపులు, మూడు ఊపులు. ముడి బిగిసిందే గాని జారలేదు. అప్పుడు పాపని వేశారు. పాప ఒకసారి ఆవలించి, పిడికిళ్ళు బిగించి, హాయిగా నిద్రపోయింది. వియ్యపురాలు ముక్కున వేలేసుకుని, "పొత్రం వెయ్యడం మా ఊళ్ళో కూడా మళ్ళీ పెట్టాలి" అంది.

మర్నాడు గవరయ్య వెళ్ళి వడ్రంగిని తనే పిలుచుకొచ్చాడు. అతను ఉయ్యాల పలక బిగిస్తుంటే పక్కనే కూర్చుని, రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాడు. అప్పట్నుంచీ చేతనైంది తను చేసుకున్నాడు, చేతకానిది ఇంకొకరి చేత చేయించుకున్నాడు. అందులో నామోషీ ఏముంది, చెప్పు! చెక్క ఉయ్యాల గట్టిపడింది గాని, పాప మాత్రం చీర ఉయ్యాల్లో వేస్తేనే నిద్రపోయేది.

మరి ఆ డబ్బా ఏమైందంటావా? మిగిలిన నట్లూ బోల్టులూ అందులోనే పోసి, మూత బిగించి, పాపకి గిలక్కాయ చేశాడు. ఊపితే ఇల్లంతా గలగలమనేది. మూత మాత్రం జిలానీ చేత బిగించి తెచ్చాడులే.

ఊఁ అనడం ఆపేశావేం? కళ్ళు మూతలు పడ్డాయా? సరే మరి.

పొత్రం రోటికి, పాప ఉయ్యాలకి,
బోల్టు డబ్బాకి, ముడి దూలానికి,
కథేమో కంచికి, నిద్దరేమో నీ కంటికి.