జంబయ్య వేలు, దుబ్బమ్మ పిడికిలి

వేరుశనగ చేలో కాయ ఊరే రోజులవి. గట్టు పొడవునా ఎలుకల, పందికొక్కుల కలుగులే. ఒక్కో కలుగులో ఒక్కో తల్లి, ఆ తల్లి చుట్టూ ఇంకా కళ్లు తెరవని పిల్లలు. మరి మగవాళ్లెక్కడంటారా? పెద్ద పెద్ద పనుల మీద పక్క చేలకు వెళ్లారు. ఆ పనులేమిటో వాళ్లకే తెలియదు, మనం అడగొద్దు.

సరిగ్గా అప్పుడే జంబయ్య అనే నక్క వైద్యం మొదలుపెట్టాడు. మెడలో ఏవో ఆకుల దండ వేసుకుని, గట్టు మీద కూర్చుని, ఒక్కో తల్లినీ పిలిచి వేలు చాపేవాడు.

"పిండమ్మా, గట్టిగా పిండు. బాలింత ఒంట్లో సత్తువంతా పిడికిట్లోనే తెలిసిపోతుంది."

పందికొక్కు రాగమ్మత్త పిండింది. జంబయ్య కెవ్వుమన్నాడు. "నీకే మందూ అక్కర్లేదత్తా!" అని వేలు ఊదుకుంటూ పక్క కలుగుకి జరిగాడు. అక్కడ చిట్టెలుక సన్నాలు పిండింది. "అయ్యో, దూదిలా ఉందే చెయ్యి! పొద్దుగూకే వేళకు మందు తెస్తా, కలుగు మూయకు తల్లీ."

మర్నాడు సన్నాలు కలుగులో పిల్లలు లేరు.

"మసక వెలుతురులో మూతొకటి లోపలికొచ్చిందక్కా. కరిచాను. అది నవ్వింది," అని పక్కింటి పందికొక్కు దుబ్బమ్మ దగ్గర కూలబడి ఏడ్చింది.

దుబ్బమ్మ తన పిల్లల వంక చూసుకుంది. తర్వాత ఓ వేరుశనగ కాయ తీసి సన్నాలు చేతిలో పెట్టింది. "కొరుకు." కాయ జారింది, పన్ను దిగలేదు. అదే కాయ, ఏడుపు విని వచ్చిన రాగమ్మత్తకిచ్చింది. అత్త అదిమి పట్టి ఫట్‌మని పగలగొట్టేసింది.

"చూశారా? మనం చేత్తో పట్టే కదా కొరుకుతాం. చెయ్యి గట్టిదానికి పన్నూ గట్టిదే. వాడు వేలు పిండించుకుంటున్నది మన కాట్లు కొలుచుకోవడానికి."

"రేపు నీ దగ్గరికొస్తాడే. నాలాగే పిండెయ్. నీ జోలికి రాడు," అంది రాగమ్మత్త.

"నా జోలికి రాడు. మరి నా అవతల కలుగు? దాని అవతలది? మెత్తని చెయ్యి దొరికేదాకా వెతుకుతాడత్తా. దొరకనీ. నా దగ్గరే దొరకనీ."

"పిల్లల్ని నా దగ్గరకైనా పంపవే!"

"వాళ్ల వాసన లేకపోతే వాడు మూతి పెట్టడు. నా వెనకే ఉంటారు. నన్ను దాటితే కదా!"

మర్నాడు జంబయ్య వేలు చాపాడు. దుబ్బమ్మ ఒక చేత్తో ఆ వేలిని నిమిరినట్టు పట్టుకుంది. రెండో చెయ్యి మాత్రం మట్టిలో పిడికిలి బిగించి ఉంది.

"ఇంకాస్త పిండమ్మా."

"ఇంతకంటే అయితే కళ్లు తిరుగుతున్నాయి డాక్టరు గారూ."

"ప్చ్, ప్చ్. మందు పెద్దదే కావాలి," అన్నాడు జంబయ్య, ఊరిన లాలాజలం మింగుతూ.

పొద్దుగూకింది. కలుగులోకి మూతి వచ్చింది. దుబ్బమ్మ కదల్లేదు. ఇంకొంచెం వచ్చింది. అయినా కదల్లేదు. ముక్కు తన మీసాలకు తగిలాక, రెండు చేతులతో మూతి బిగించి, నోటికందినంత ముక్కు కొరికింది.

"అమ్మోయ్! పొద్దున దూదిలా ఉందే చెయ్యి!" అని ముక్కుతోనే మొత్తుకున్నాడు జంబయ్య.

దుబ్బమ్మ నోరు ఖాళీ లేదు కాబట్టి బయటినుంచి రాగమ్మత్త జవాబిచ్చింది. "పొద్దున వైద్యుడని కొంచెం మర్యాద చేసింది నాయనా!"

అప్పటికే గట్టు మీది తల్లులంతా వచ్చి వాడి తోకా కాళ్లూ పంచుకున్నారు. సన్నాలు వాడి చెవి పట్టింది. కాయలా అది జారకుండా ఒళ్లంతా వేసి వేలాడింది. ఈసారి పన్ను దిగింది. జంబయ్య నవ్వలేదు.

ఎలాగో విడిపించుకుని, సగం ముక్కుతో, ఆకుల దండ అక్కడే వదిలేసి చేను దాటాడు. ఆ తర్వాత ఎవరైనా చెయ్యి చాపితే చాలు, వాడు తన మూతి మూసుకునేవాడు.

నీతి: ఎదుటివారి బలాన్ని వాళ్లు చూపించినంతే అనుకున్నవాడికి ముక్కు దక్కదు.