నూకాలు దించిన ఇసుక

అనగనగా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక మడ అడవి ఉండేది. ఆ అడవిలో నూకాలు అనే ముంగిస ఉండేది. నోరు దాటని మాట ఒకటి దాని కడుపులో ఉండేది.

"ఆ తెరచాప చిరిగింది అత్త కుట్టు వల్ల కాదు. నేను దాచిన ఇసుక వల్ల."

ఇంతే ఆ మాట. చెట్టుకి చెప్పలేదు, పుట్టకి చెప్పలేదు. ఎలా జరిగిందో నేను చెప్తాను, దగ్గరికి జరగండి.

ఆ అడవిలో జంతువులు తెరచాప పడవలు నడిపేవి. ఒక పడవకి ఒక్కరే. చుక్కాని పట్టేదీ వాళ్ళే, చాపతాడు లాగేదీ వాళ్ళే. చిన్నచాప పడవ కాలవలు దాటి పోకూడదు. పెద్దచాప పడవ ఉన్నవాళ్ళే మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాలి.

నూకాలుకి ఎవరూ నేర్పలేదు. ఒడ్డున కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ చేతులు చూసి చూసి నేర్చుకుంది. రెండేళ్ళకి చిన్నచాప పడవల్లో దాన్ని మించినవాళ్ళు లేరు. అయినా దానికి కాలు నిలవదు. రోజూ కాలవ చివరిదాకా వెళ్ళడం, సముద్రం వైపు చూడడం, వెనక్కి తిరగడం. "ఎన్నాళ్ళని ఈ బురదలో చక్కర్లు కొట్టను?" అని విసుక్కునేది.

ఒకరోజు రేవుపెద్ద పైడయ్య తాబేలు దగ్గరికి వెళ్ళింది.

"తాతా, నాకు పెద్దచాప పడవ కావాలి."

పైడయ్య మెడ చాచి కిందకీ పైకీ చూశాడు. "చిట్టితల్లీ, పెద్దచాపకి గాలి పడితే పడవ ఒక పక్కకి వాలుతుంది. రెండో పక్క కూర్చుని దాన్ని ఆపేది మన బరువే. నీకేదీ బరువు?"

"బరువు లేకపోతే చెయ్యి లేదా తాతా?"

పైడయ్య నవ్వాడు. "సరే. ఒక పెద్దచాప పడవ, మూడు పౌర్ణములు ఇస్తున్నాను. ఆ రోజుల్లో పెద్ద పడవలన్నీ పొద్దున్నే బయల్దేరతాయి. నువ్వూ వాటితో మొగ దాటి, దీపం లంకలో గంట కొట్టి, నీళ్ళు వెనక్కి తీసే ఆటు మొదలయ్యేలోపు తిరిగి రావాలి. వస్తే ఆ పడవ నీది. మూడుసార్లూ రాలేకపోతే ఇంక జన్మలో అడగకూడదు."

పక్కనే గంగరాజు అనే అడవిపంది తన పడవకి తారు పూసుకుంటున్నాడు. రేవులో అందరికంటే బరువైనవాడు. "ఏటే నూకాలూ, వెళ్ళేటప్పుడు ఒళ్ళో ఒక రాయి పెట్టుకో. లేకపోతే గాలిపటమైపోతావు!" అన్నాడు. రేవంతా గొల్లుమంది.

నూకాలు కూడా నవ్వింది. కానీ ఆ మాట పోయి సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

చాపలు కుట్టేది సన్యాసమ్మ అనే పీత. రెండు డెక్కలతో రెండు సూదులు ఆడిస్తుంది. చాప మూలన ఎర్రదారంతో తన పేరు కుడుతుంది. గెలిచి వచ్చినవాళ్ళు ఒడ్డున దిగగానే ఆ పేరు గట్టిగా అరవాలి. అది రేవు మర్యాద. మరి కుట్టు విడిపోతే? కుట్టినవాళ్ళు సూది కింద పెట్టెయ్యాలి. అదీ రేవు మర్యాదే.

మొదటి పౌర్ణమి వచ్చింది. ఎవరూ చూడకుండా నూకాలు రెండు సంచుల తడి ఇసుక తెచ్చి కూర్చునే పలక కింద దూర్చింది.

"ఇప్పుడు చూద్దాం ఎవరు గాలిపటమో!" అనుకుంది.

పడవ వాలకుండా బుద్ధిగా సాగింది. మొగ దగ్గర ఒక్కసారిగా పెద్ద గాలి విసిరింది. ఖాళీ పడవైతే ఎగిరి ముందుకి దూకేది, లేదా కాస్త వాలి గాలిని జారవిడిచేది. ఇసుక పడవ రాయిలా మొండికేసింది. గాలికి పోయే దారి లేకపోయింది. పర్రుమని చాప నిలువునా చిరిగింది.

ఒడ్డుకి లాక్కొచ్చారు. అందరూ చుట్టూ మూగారు. "ఏమైంది? ఏమైంది?"

ఇసుక సంచులు ఇంకా పలక కిందే ఉన్నాయి. ఒక్క మాట చెప్తే సరిపోయేది. గంగరాజు మొహం చూసింది. ఆ నవ్వు గుర్తొచ్చింది.

"కుట్టు విడిపోయింది," అంది.

చిరుగు కుట్టు పక్కనే ఉంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. సన్యాసమ్మ అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది. డెక్కతో చిరుగు తడిమింది. నూకాలు కళ్ళలోకి చూసింది.

"నా కుట్టేనా అమ్మాయీ?"

"అవునత్తా."

సన్యాసమ్మ వాదించలేదు. చిరుగు బాగుచేసి ఇచ్చింది. తర్వాత సూదులు డబ్బాలో పెట్టేసింది. ఉప్పుమడుల దగ్గర కూతురింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, రేవు ఫోను ఉండే పడవల పాక గోడమీద బొగ్గుతో ఒక ఫోన్ నంబరు రాసింది. కింద, 'నాతో పని పడితే' అని రాసింది. ఆ గోడ వైపు చూడకుండా నడవడం నూకాలుకి అలవాటైపోయింది.

రెండో పౌర్ణమి. ఇసుక అంటే భయం పట్టుకుంది. అందుకని గోనెసంచులు నీళ్ళలో ముంచి వీపుకి కట్టుకుంది. మొగ చేరకముందే పడవ బోల్తా కొట్టింది. తడిసిన గోనెలు నూకాలుని కిందికి లాగాయి. గంగరాజే దూకి, తోక పట్టుకుని పైకి తీశాడు.

"ఏటీ వేషం?" అని కేకలేశాడు. "రాయి పెట్టుకోమంటే నవ్వడానికన్నాను గానీ, నిజంగా కట్టుకుంటారే ఎవరైనా? చచ్చిపోయేదానివి!"

నూకాలుకి దగ్గు ఆగలేదు.

మర్నాడు చాప ఎండబెడుతుంటే, మధ్యలో అడ్డంగా ఒక వరసలో పొట్టి తాళ్ళు వేలాడుతూ కనిపించాయి. మిగిలిన దారపు కొసలు కాబోలని ఇన్నాళ్ళూ వదిలేసింది. కానీ సన్యాసమ్మత్త పనిలో పోగు కూడా మిగలదే! ఒక తాడు కిందికి లాగి చాప అడుగుకర్రకి కట్టింది. రెండోది కట్టింది. అన్నీ కట్టేసరికి పెద్దచాప మూడోవంతు ముడుచుకుంది.

పెద్దగాలిలో చాప తగ్గించుకోవడానికి కుట్టిన తాళ్ళవి. గంగరాజు చాపకి లేవు. ఎవరి చాపకీ లేవు. అబద్ధం విన్నాక, సూదులు డబ్బాలో పెట్టేముందు, అత్త కూర్చుని నూకాలు కోసం కుట్టింది.

నూకాలు ఇసుకలో చతికిలబడింది. ఒక్కో ముడీ విప్పి, మళ్ళీ కట్టి చూసింది.

మూడో పౌర్ణమి. ఇదే ఆఖరు. నూకాలు పడవలోంచి అన్నీ దింపేసింది. ఇసుక లేదు, గోనె లేదు. ఒక నీళ్ళ బుర్ర, ఒక తాడు.

"ఏమే, ఖాళీగా పోతున్నావా?" అన్నాడు గంగరాజు.

"ఖాళీగానే."

పొద్దున గాలి నీరసంగా ఉంది. బరువైన పడవలు ఈడ్చుకుంటూ కదిలాయి. నూకాలు పడవ పూరేకులా సర్రున ముందుకి జారింది. "ఓర్నాయనో!" అని వెనకనుంచి అరుపులు.

మొగ చేరేసరికి గాలి లేచింది. నూకాలు గబగబా తాళ్ళన్నీ కట్టి చాప ముడిచింది. తర్వాత నీళ్ళ మీదే కళ్ళు పెట్టింది. గాలి వచ్చే చోట నీళ్ళు ముందే నల్లబడతాయి. ఆ నల్లమరక పడవని తాకబోయే క్షణానికి, కాళ్ళు పడవలోని పట్టీ కింద బిగించి, ఒళ్ళంతా పడవ బయటికి వాల్చి, చాపతాడు జానెడు వదిలింది. గాలి తగిలింది, జారిపోయింది. మళ్ళీ లాగింది. పడవ ముందుకి దూకింది. నల్లమరక, వదులు, లాగు! నల్లమరక, వదులు, లాగు! గాలితో కుస్తీ పట్టడం మానేసి దానితో కబుర్లాడుతున్నట్టుంది.

లంక ముందు ఇసుకమేట ఉంది. పెద్దగాలిలో ముందుకొచ్చేసిన గంగరాజు పడవ దాని మీదికెక్కి ఇరుక్కుంది. "దాటి పో, పో!" అని అరిచాడు. నూకాలు పడవ మేట మీద జానెడు నీళ్ళలోనే తేలిపోయింది.

ఠంగ్! దీపం లంక గంట మోగింది. అందరికంటే ముందు.

ఆటు మొదలయ్యే లోపే నూకాలు రేవులో దిగింది. అరుపులు, ఈలలు. కాసేపటికి గంగరాజు ఒళ్ళంతా బురదతో వచ్చాడు.

"ఏం తిన్నావే ఈవేళ?"

"తినలేదు మామా, దింపాను."

పైడయ్య చుక్కానికర్ర దాని చేతిలో పెట్టాడు. "ఈ పడవ నీది. ఇక చాప కుట్టినవాళ్ళ పేరు చెప్పు తల్లీ, గట్టిగా!"

రేవంతా చెవులొగ్గింది.

"సన్యాసమ్మత్త!"

"ఆమె కుట్టు విడిపోయిందన్నావు కదమ్మా?" అన్నాడు పైడయ్య.

నూకాలు గొంతులో ఇంకా ఒక సంచి మిగిలే ఉంది. ఖాళీ పడవలో అంత తేలిగ్గా వచ్చినా, ఇది మాత్రం దిగలేదు.

"అది మీ అందరికీ చెప్తాను తాతా. కానీ ముందు వినాల్సినవాళ్ళు వేరే ఉన్నారు."

చుక్కానికర్ర గంగరాజు చేతికిచ్చింది. తడికాళ్ళతోనే పడవల పాక వైపు నడిచింది. ఇన్నాళ్ళూ చూడని గోడని నిలబడి చూసింది. బొగ్గు అంకెలు ఇంకా చెరిగిపోలేదు. పాకలో ఉన్న ఫోను తీసింది. మొదటి అంకె నొక్కింది.

నీతి: లేని బరువు తెచ్చిపెట్టుకుంటే పడవ సాగదు, దాచిన తప్పు మోస్తుంటే మనసు సాగదు, రెండూ దింపుకున్నవాళ్ళదే సముద్రం.