సుంకన్న నూనె డబ్బా

మా తిమ్మప్ప అయ్యవారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చేతికేదో ఒక పని ఇస్తారు. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్న ఒక పెద్దమనిషి చేత సాయంత్రమంతా చిరిగిన గోనెసంచి కుట్టించారు. నేను ఒకసారి కోపం గురించి అడిగితే బావి గిలక బాగుచేయమన్నారు. దానికీ దీనికీ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలియదు గానీ, కోపం మాత్రం ఆయన మీదికి మళ్ళింది. ఆయన గుంతకల్లులో రైల్వేవాళ్ళకు బ్రేకులూ సిగ్నళ్ళూ నేర్పి రిటైరైన మనిషి. అయినా సాయంత్రమైతే పాత శిష్యులం ఆయన అరుగు మీదే చేరతాం.

ఆ రోజు అడిగినవాడు డ్రైవర్ సుంకన్న. ఇంకో రెండు రోజుల్లో రిటైరు కాబోతున్నాడు. అతని ఒక్కగానొక్క కూతురు శివలీల ఆ ఏడాదే అసిస్టెంటుగా రైలింజను ఎక్కింది. ఆ సంగతి చెప్పుకుని ఊరంతా మిఠాయి పంచినవాడు, ఇప్పుడు తల వంచుకుని కూర్చున్నాడు.

"అయ్యవారూ, నా బిడ్డకు పొద్దున లేచిన కాడి నుంచీ జాగ్రత్తలు చెప్తాండా. ఏ మలుపులో ఏం చూడాల, ఎక్కడ బ్రేకు పట్టాల, అన్నీ. ముప్పై ఆరేండ్లు నేను కష్టపడి నేర్చుకున్నది అరచేతిలో పెడతాండా. ఆ పిల్ల నాతో మాట్లాడడమే మానేసింది. డ్యూటీ నుంచి వస్తాది, అన్నం తింటాది, పండుకుంటాది. నేను చేసిన తప్పేంది సామీ?" అంటూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆరడుగుల మనిషి అట్లా కంటతడి పెడితే నాకు చూడబుద్ధి కాలేదు.

అయ్యవారు వక్క నములుతూ, "క్లబ్బులో బొమ్మ రైలు వెనక్కి పోవడం లేదంట గదా. పదండి, చూద్దాం" అని లేచారు.

ఆ బొమ్మ రైలు సంగతి కొంత చెప్పాలి. డెబ్బై ఏళ్ళ కిందట ఫెర్నాండెజ్ దొర అనే డ్రైవరు ఊరు విడిచి పోతూ మా రైల్వే క్లబ్బుకు ఇచ్చి పోయాడట. ఇనుప ఇంజను, రేకు బోగీలు, పెద్ద బల్ల మీద పట్టాలు, కరెంటుతో నడుస్తుంది. మాలో ఎవరైనా రిటైరయ్యే రోజున, అతని పేరు సుద్దతో ఒక బోగీ మీద రాసి పక్క లైనులో ఒంటరిగా నిలబెడతారు. ఇంజను ముందుకు పోయి, ఆగి, వెనక్కి వచ్చి, ఆ బోగీకి కొక్కెం తగిలించుకుని స్టేషనులోకి లాక్కొస్తుంది. అప్పుడే ఆ మనిషి బండి దిగినట్టు. మా చిన్నోబులేసు రిటైరైన నాడు కరెంటు పోయి అతని బోగీ రాలేదు. పదేళ్ళయినా, "నేనింకా దిగలేదప్పా" అంటూ దిగులుగా తిరుగుతుంటాడు.

సుంకన్నకు ఆ గతి పట్టేటట్టే ఉంది. ముందుకు పొమ్మంటే ఇంజను బ్రహ్మాండంగా పోతోంది. వెనక్కి రమ్మంటే మళ్ళీ ముందుకే ఉరుకుతోంది. ఇరవై ఏళ్ళుగా దాన్ని చూసుకునేది సుంకన్నే. వైర్లు మార్చాడు, పట్టాలు గీకాడు, ఎక్కడి నుంచో వేరే ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి పెట్టాడు. మధ్యమధ్య నూనె పోశాడు. నూనె చుక్క వేయనిదే ఇంజను మీద చెయ్యి వేయరాదని ఆవిరి ఇంజన్ల నాటి నుంచి డ్రైవర్లకొక ఆచారం. పేకాటకు వచ్చినవాడు కూడా ఆ బొమ్మకొక చుక్క వేసి, కళ్ళకద్దుకుని గానీ కూర్చోడు. నేను గార్డుగా చేసినవాణ్ణి, మాకీ పిచ్చి లేదు. పచ్చజెండాకు నూనె పోస్తామా ఎక్కడైనా?

అయ్యవారు ఇంజను ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. దాన్ని ముట్టుకోలేదు.

"దీన్ని వెనక్కి పొమ్మనడానికి బయట మీట లేదు. కరెంటు ఇచ్చినప్పుడు లోపల ఒక చిన్న మీట లేస్తుంది, తీసినప్పుడు పడుతుంది. పడి లేచినప్పుడల్లా వంతు మారుతుంది. ముందుకు, ఆగు, వెనక్కి, మళ్ళీ ఆగు. అంతే గదా సుంకన్నా? చెవి పెట్టు."

నేను స్విచ్చి వేశాను. లోపల టిక్కుమంది. తీశాను. ఏమీ లేదు.

సుంకన్న మళ్ళీ వేయించాడు, మళ్ళీ తీయించాడు. చెవి ఇంజనుకు ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "లేచిన సప్పుడు వినపడింది. పడిన సప్పుడు లేదు అయ్యవారూ" అన్నాడు.

"అయితే తెరువు."

నాలుగు మరలు విప్పేసరికి మా అందరి ముఖాలూ మాడిపోయాయి. ఏళ్ళ తరబడి పోసిన నూనె, దుమ్మూ కలిసి నల్లటి జిగురై లోపలంతా పేరుకుపోయింది. వేలెడు కూడా లేని ఆ మీట పైకి లేచి, అక్కడే అతుక్కుని ఉంది.

"ఇదంతా నేను పోసిందే" అన్నాడు సుంకన్న.

అయ్యవారు స్పిరిటూ దూదీ తెప్పించి, ఒక అగ్గిపుల్ల అతని చేతికిచ్చారు. రెండు గంటలు పట్టింది. అగ్గిపుల్లకు దూది చుట్టి పంటి సందులు తోమినట్టు తోమాడు సుంకన్న. మీట ఇత్తడి రంగు బయటపడింది. అప్పుడు అలవాటు కొద్దీ అతని చెయ్యి నూనె డబ్బా వైపు పోయింది.

"కడాకు ఒక్క సుక్క..."

అయ్యవారు ఆ మీట మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఇరుసులకు వెయ్యి, వద్దనను. దీనికి మాత్రం వద్దు. ఇది తన బరువుకు తానే పడుతుంది. పడనీ."

మరలు బిగించి కరెంటు ఇచ్చాం. టిక్. తీశాం. టక్. ఆ రెండో చప్పుడు వినగానే సుంకన్న చిన్నపిల్లాడి మాదిరి ఎగిరి నన్ను కావలించుకున్నాడు. నా చొక్కా నిండా నల్లటి జిడ్డు.

రిటైరయ్యే రోజు క్లబ్బు కిటకిటలాడింది. ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళలో అందరికన్నా చిన్నవాళ్ళే స్విచ్చి పట్టాలి. ఆ వంతు శివలీలకే వచ్చింది. డ్రైవర్లు ఆచారం ప్రకారం నూనె డబ్బా కోసం వెతికారు. అది సుంకన్న సంచిలో ఉంది. "ఎవడన్నా దాని దగ్గరికి నూనె తెస్తే చేతులు ఇరుస్తా" అని ముందే చెప్పేశాడు.

శివలీల ఇంజనును ముందుకు పోనిచ్చింది. రెండుసార్లు కరెంటు తీసి ఇచ్చింది. టక్, టక్. ఇంజను కదిలింది. వెనక్కే! హాలంతా ఈలలు. అయితే అసలు గండం అక్కడే ఉంది. బోగీ జానెడు దూరంలో ఉండగా ఆమె ట్రాన్స్‌ఫార్మరు పిడి దించి వేగం బాగా తగ్గించింది. ఇంజను ఆగీ ఆగనట్టు పాకుతోంది. కరెంటు ఒక్క రవ్వ ఎక్కువ తగ్గితే మీట పడిపోతుంది, వంతు మారిపోతుంది, అంతా మొదటికొస్తుంది. ఈ సంగతి సుంకన్నకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అతని నోరు తెరుచుకోవడం నేను చూశాను. కండువా కొస నోట్లో కుక్కుకుని గట్టిగా కరిచిపట్టుకున్నాడు, పాపం.

శివలీల తండ్రి వైపు చూడలేదు. పిడిని గోరంత పైకి జరిపింది. ఇంజను మెల్లగా వచ్చి ఆనింది, కొక్కెం పడింది. మళ్ళీ రెండుసార్లు తీసి ఇచ్చి, 'సుంకన్న' అని రాసిన బోగీని స్టేషనులోకి తెచ్చి నిలబెట్టింది.

ఆ కేకలకు రేకుల కప్పు లేచిపోతుందేమో అనిపించింది. నేను దాచుకున్న గార్డు ఈల తీసి ఊపిరి ఆగేదాకా ఊదాను. చిన్నోబులేసు బల్ల మీద గుద్దుతూ, "నాది కూడా లాగండ్రప్పా!" అని అరిచాడు. అప్పటికప్పుడు సుద్దతో అతని పేరూ రాశాం. శివలీల అతన్ని కూడా దించింది. పదేళ్ళ తర్వాత మనిషి నవ్వుతూ ఇంటికి పోయాడు.

జనం పలచబడ్డాక శివలీల వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. చేతులకంటిన సుద్ద తుడుచుకుంటూ, "నాయనా, మొన్న వానలో ఒక సిగ్నల్ కాడ నాకు శానా భయమైంది. ఎవురికీ చెప్పలేదు" అంది.

సుంకన్న చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. చూపుడు వేలు లేచింది. ముప్పై ఆరేళ్ళ అనుభవమంతా గొంతులోకి వచ్చింది.

ఎదురుగా వక్క నములుతున్న అయ్యవారు మెల్లగా అన్నారు:

"సుంకన్నా, నూనె డబ్బా కింద పెట్టు."