ఓబులమ్మ మేకు

అనగనగా ఒక వీధి. రాజులూ మంత్రులూ తిరిగిన వీధి కాదులెండి, గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే వీధి. ఎప్పటి మాటో నన్నడక్కండి. చేత్తో పట్టుకుని ఇనుము కోసే గ్రైండరు ఆ వీధికి కొత్తగా వచ్చిన రోజులు.

ఆ వీధిలో ఓబులమ్మ అని ఒకామె ఉండేది. షాపుల ముందు పడిన ఇనప రజను ఊడ్చి ఎత్తిపోయడం ఆమె పని. నా అనేవాడు తమ్ముడు తిప్పన్న ఒక్కడే. అమ్మానాయనా పోయాక వాణ్ణి కడుపులో పెట్టుకుని పెంచింది. వాడు పెద్దవాడై గ్రైండరు పట్టాడు. మంచి పనిమంతుడు. కానీ ఒకటే మొండిపట్టు. పని చేసేటప్పుడు కూడా భుజం మీద తువ్వాలు తీసేవాడు కాదు.

ఎందుకంటారా? వాళ్ళ నాయన బతికినన్నాళ్ళూ పెద్దింటివాళ్ళు ఎదురొస్తే చాలు, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని ఒదిగి నిలబడేవాడు. అది చూసిన తిప్పన్న చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, ఎవరి ముందూ తువ్వాలు దించనని. మనిషి ముందే దించనివాడు మిషను ముందు దించుతాడా?

ఒకనాడు ఓబులమ్మ ఊడుస్తుంటే గోనెపట్టా పీలిక ఒకటి తిప్పన్న గ్రైండరు తిరిగే చక్రానికి తగిలింది. తగిలిందో లేదో, గిరగిరా చుట్టుకుపోయింది. ఆమె తమ్ముడి భుజం వంక చూసింది. తువ్వాలు కొస చక్రం మీదికే వేలాడుతోంది. అది చుట్టుకుంటే మిషను మెడ మీదికి రావడానికి ఎంతసేపు? ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

మొదటిసారి బతిమాలింది. వాడు వినలేదు.

రెండోసారి షాపు యజమాని చేత చెప్పించింది. వాడు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "యజమాని చెబితే దించాలా అక్కా? ఇక నాయనకీ నాకూ తేడా ఏముంది?" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఓబులమ్మకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ ఆలోచించింది. వాడన్నదాంట్లో తప్పేముంది? నాయన అలా నిలబడితే తనకూ కడుపు మండేది కదా.

మూడోసారి బతిమాలనూ లేదు, ఎవరి చేతా చెప్పించనూ లేదు. స్టూలెక్కి, స్విచ్చు పక్క గోడకు, తిప్పన్న చెయ్యెత్తితే గానీ అందనంత పైన ఒక మేకు కొట్టింది. దేవుడి పటం తగిలిస్తావా ఓబులమ్మా అని అందరూ నవ్వారు. ఆమె మేకును లాగి చూసుకుంది, గట్టిగానే ఉంది. దిగి వచ్చి తమ్ముడి ముందు చెయ్యి చాపింది.

"దించొద్దులే నాయనా. ఎవరి ముందూ దించొద్దు. నీ తలకంటే పైన పెడదాం. పనయ్యేదాకా అక్కడుండనీ."

తిప్పన్న మేకు వంక చూశాడు, అక్క వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తానే తువ్వాలు తీసి, మడిచి, మేకుకు తగిలించాడు.

ఆ పూటే జరిగింది. మందపాటి పైపు కోస్తుంటే కోత మూసుకుపోయి చక్రం ఇరుక్కుంది. మిషను ఎదురుతన్ని పైకి లేచింది. రెండు చేతులా పట్టుకున్నాడు గనక చేజారలేదు. చక్రానికి అడ్డంగా రేకు గార్డు ఉంది గనక నిప్పురవ్వలు ముఖాన పడలేదు. చక్రం మాత్రం తువ్వాలు కొస వేలాడే చోటి నుంచే దూసుకుపోయింది. చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది, అంతే.

ఓబులమ్మ చీపురు పారేసి పరిగెత్తింది. వాడి మెడ తడిమింది, రొమ్ము తడిమింది, ముఖం తడిమింది. నెత్తురు చుక్క లేదు. హమ్మయ్య అంటూ ఆ రజనులోనే కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలియలేదు. వాడు పక్కనే చతికిలబడి, ఏం కాలేదక్కా, ఏం కాలేదక్కా అంటూనే ఉన్నాడు. మర్నాటికల్లా వీధిలో ప్రతి షాపు గోడకూ మేకు పడింది.

ఓబులమ్మ ముసలిదై, తమ్ముడి పిల్లల పెళ్ళిళ్ళు చూసి, నిద్రలోనే కన్నుమూసింది. ఆ రోజు వీధిలో ఒక్క మిషనూ తిరగలేదు.

ఇప్పటికీ ఆ వీధికి పోయి చూడండి. గార్డు బిగిస్తారు, కళ్ళద్దాలు పెట్టుకుంటారు, కొత్త చక్రమైతే పక్కకు నిలబడి కాసేపు ఉత్తినే తిప్పి చూస్తారు. అన్నిటికంటే ముందు మాత్రం తువ్వాలు మేకుకు ఎక్కిస్తారు. మరిచిపోయినవాణ్ణి ఎవరూ తిట్టరు. "ఓబులమ్మకిచ్చొచ్చావా?" అని అడుగుతారు. వాడు నాలిక్కరుచుకుని పోయి తగిలించొస్తాడు.

ఎంత పెద్ద అధికారి వచ్చినా, ఎంత కామందు వచ్చినా, ఆ వీధిలో భుజం మీద తువ్వాలు తీసేవాడు లేడు. ఓబులమ్మకైతే తీస్తారు. సాయంత్రం మళ్ళీ భుజాన వేసుకుని, పది వేళ్ళతో ఇంటికి పోయి అన్నం కలుపుకుంటారు.