పన్నెండో మేకు

విశాఖ పాతనగరంలో లతీఫ్ మాస్టారి ఫోటో స్టూడియో ఉండేది. అక్కడ రెండేళ్లుగా పని నేర్చుకుంటున్న శార్వరికి ఒక కష్టం వచ్చిపడింది.

సాయంవేళ బీచ్‌రోడ్డులో స్కేట్‌బోర్డుల మీద గాలిలోకి లేచే కుర్రకారును ఆమె మూడు నెలలు వెంటాడి ఫోటోలు తీసింది. రంగు జుట్లు, చిరుగుల ప్యాంట్లు, చెవులకు పిన్నీసులు. వాటిలో పన్నెండింటిని ప్రదర్శనకు ఎంచుకుని, స్టూడియో గోడకు పన్నెండు మేకులు కొట్టింది. ఆ సంగతి చెవిన పడగానే వాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. మళ్లీ ఇటు రావద్దన్నారు.

"అంత అందంగా చూపించబోతే నన్నెందుకు పొమ్మంటున్నారు మాస్టారూ?"

మాస్టారు పన్నెండు ఫోటోలనూ బల్ల మీద బోర్లా పరిచి, ఒక పెన్సిల్ ఆమె చేతికిచ్చారు.

"వెనక పేర్లు రాయమ్మా."

వెనక పేరు రాయని ఫోటో ఆ స్టూడియో గడప దాటేది కాదు. ఆ ఆనవాయితీ శార్వరికి తెలియనిది కాదు. ఏది ఏ వెలుగులో తీసిందో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. పేరు మాత్రం ఒక్కటీ రాలేదు. ఆమె ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

మరునాటి సాయంత్రం ఆమె కెమెరా లేకుండా, ఫోటోలు, పెన్సిల్ మాత్రం పట్టుకుని బీచ్‌రోడ్డుకు వెళ్లింది.

"కెమెరా తాకట్టెట్టీసినావేటి అక్కా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చోటిచ్చారు. పేర్లు ఒక్కొక్కటే ఫోటోల వెనక్కి చేరాయి.

చివరిది ఆకుపచ్చ జుట్టు ఎల్లాజీది. ప్రదర్శనకు ప్రాణం ఆ ఫోటోయే. దానికి 'తిరుగుబాటు' అని ఆమె పేరు కూడా పెట్టుకుంది. అతని రంగురంగుల జాకెట్టును చిరిగిన గొడుగుల గుడ్డతో వాళ్లమ్మే కుట్టిందట.

ఎల్లాజీ ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"ఇది గోడకెక్కితే మా అయ్య సూస్తాడక్కా. బోర్డు ఇరగ్గొట్టీస్తాడు. నాకిచ్చీ, అమ్మకి సూపిస్తాను."

శార్వరి వేళ్లు ఆ ఫోటో అంచును ఒక్క క్షణం వదల్లేదు. తరువాత వదిలాయి.

"రేపు కెమెరా తెచ్చుకో అక్కా," అన్నాడతడు, ఫోటోను జాకెట్టు లోపల దాచుకుంటూ.

స్టూడియోకు వచ్చి ఆమె పదకొండు ఫోటోలు తగిలించింది. మిగిలిపోయిన మేకును పీకబోతుంటే మాస్టారు వారించారు.

"ఉండనీ అమ్మా. మనిషిని చూసి నువ్వు తీసిన మొదటి ఫోటో అది."