నేరేడుపళ్ళకు వెళ్ళిన సభ్యులు

ఆ అడవి సభలో రెండే పక్షాలు. గడ్డి తినేవాళ్ళదొకటి, మాంసం తినేవాళ్ళదొకటి. సభలో గొంతులు చించుకునేవారు, అసలు పని మాత్రం సభాసంఘాల్లో జరిగేది. నీళ్ళ సంఘానికి నక్క చిత్తయ్య అధ్యక్షుడు. నలుగురు మగ, నలుగురు ఆడ, మొత్తం ఎనిమిది మంది సభ్యులు. ఆ సమానత్వాన్ని చూసుకుని అడవి తెగ మురిసిపోయింది.

అడవిగేదె పోలమ్మ ఆ సంఘంలో చేరింది ఒకే ఒక్క పని మీద. కిందటి వేసవిలో ఆమె రెండు దూడల్లో ఒకదాన్ని లోతుమడుగులో మొసలి లాక్కుపోయింది. పిల్లలు భయం లేకుండా నీళ్ళు తాగగలిగేది ఇసుకరేవులోనే. ఆ రేవును సభ్యుల విశ్రాంతి స్థలం చేసి, మిగతావాళ్ళను మడుగుకు పంపాలని చిత్తయ్య ప్రతిపాదన.

"నువ్వు సభ్యురాలివేగా అక్కా, నీకేం అడ్డు?" అన్నాడు మొదటి సమావేశంలో.

"నా దూడ సభ్యుడు కాదుగా తమ్ముడూ!"

"అదంతా మాట్లాడుకుందాం. ముందు గొంతులు ఎండిపోతున్నాయి. మీ ఆడవాళ్ళు నలుగురూ వెళ్ళి కాసిని నేరేడుపళ్ళు తెండి. మీ చేత్తో తెస్తే ఆ రుచే వేరు."

వెళ్ళారు. తెచ్చేసరికి మినిట్స్ కూడా రాసేసి ఉన్నాయి. రేవుకు కంచె, ఏకగ్రీవం.

"మేం లేకుండా ఏకగ్రీవమేమిటి?"

"నలుగురుంటే కోరం అక్కా. ఎక్కడ కూర్చుంటే అక్కడే సమావేశం. నేను లేకపోతే ఉన్నవాళ్ళలో పెద్దవాళ్ళు అధ్యక్షులు. నిబంధన నేనే రాయించా, నా బొరియ దగ్గర కూర్చునే వీలుండాలని."

రెండో సమావేశానికి కంచె లేచింది. ఆ సమావేశమూ అంతే. ఈసారి కంచెకు కాపలా కూడా ఏకగ్రీవం.

పోలమ్మ ఏదీ ఒక్కసారి మింగేసి ఊరుకునే రకం కాదు. ఆ నిబంధనను రెండు రోజులు నెమరేసింది.

రేవు విషయంలో మూడోదే ఆఖరి సమావేశం. అందులో ఆమోదించిన నివేదికే మర్నాడు సభకు వెళ్తుంది, చెల్లేదీ అదే. చిత్తయ్య నోరు తెరవకముందే పోలమ్మ లేచింది.

"పళ్ళకు వెళ్ళొస్తాం తమ్ముడూ. కింది కొమ్మలన్నీ ఖాళీ. ఎలుగుబావను కూడా పంపితే పైకొమ్మ వంచుతాడు."

ఎలుగు అప్పటికే లేచి నిలబడ్డాడు.

"చూశారా, బాధ్యత తెలిసిన సభ్యురాలంటే ఇలా ఉండాలి!" అన్నాడు చిత్తయ్య అడవిపంది వైపూ ముళ్ళపంది వైపూ చూస్తూ.

చెట్టు దగ్గరికి చేరగానే ఎలుగు పైకెక్కేశాడు. పోలమ్మ నేల మీద చతికిలబడింది. "కూర్చోండమ్మా. సమావేశం మొదలు."

దుప్పి వెంటనే కూర్చుంది. జంగుపిల్లి మాత్రం తోడేలు సూరమ్మ వైపు చూసింది. సూరమ్మ కోరలు బయటపెట్టింది. "మాది మాంసం పక్షం. నీ పక్కన కూర్చున్నానని తెలిస్తే మావాళ్ళు నన్ను నమిలేస్తారు."

"మరి కంచె వేయకముందు నీ పిల్లలు నీళ్ళెక్కడ తాగేవి సూరమ్మా?"

సూరమ్మ కోరలు లోపలికి పోయాయి. "రేవులో" అంది. "కానీ నీ దూడ అడవిలో ఒంటరిగా దొరికితే నేను మాటివ్వలేను."

"నేనడగలేదుగా. రేవు వరకే."

సూరమ్మ కూర్చుంది. ఆమెను చూసి జంగుపిల్లి కూడా.

రేవు పిల్లల తల్లులదని నలుగురూ తలలూపారు. పై నుంచి ఎలుగు నిండిన నోటితో అడిగాడు. "ఏమిటమ్మా గోల?"

"ఓటింగు బావా. రేవు తల్లులకు. సరేనా?"

"పళ్ళు నాకేనా?"

"అన్నీ నీకే."

"అయితే సరే."

సభ గుమాస్తా కోతి కూడా ఆ చెట్టు మీదే ఉంది, పళ్ళున్నచోటే దాని ఆఫీసు. మినిట్స్ రాసి ముద్ర వేసింది.

మర్నాడు సభాపతి ఏనుగు ముందుకు రెండు నివేదికలొచ్చాయి.

"మీదానికి ఎంతమంది హాజరు?"

"నలుగురమండీ," అన్నాడు చిత్తయ్య. "నేను, పంది, ముళ్ళపంది, ఎలుగు..."

"నేను చెట్టు మీదున్నానండీ," అన్నాడు ఎలుగు. నాలుక ఇంకా ఊదాగానే ఉంది. "అక్కడే ఓటేశాను."

"అయితే మీరు ముగ్గురు. కోరం లేదు."

"వాళ్ళు పళ్ళకు వెళ్ళారండీ! అది సమావేశమా?"

ఏనుగు నిబంధన మొత్తం చదివింది. "అక్కడ ఐదుగురున్నారు. కూర్చున్నచోటే సమావేశం. పెద్దావిడ అధ్యక్షురాలు. ఇది రాయించిందెవరు?"

సభంతా ఒకే వైపు చూసింది.

ఆ సాయంత్రానికి కంచె ఊడింది. పోలమ్మ దూడ మోకాళ్ళ లోతు దిగి నీళ్ళు తాగుతోంది. అవతలి గట్టున సూరమ్మ పిల్లలు. మధ్యలో పోలమ్మ నిలబడి రెండు వైపులా చూస్తూనే ఉంది.

తర్వాతి సమావేశంలో చిత్తయ్య గొంతు ఎండిపోయింది. తలలు లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. ఎవరినీ పంపలేదు.

నీతి: పళ్ళకు పంపినంత మాత్రాన సభ్యులు పనివాళ్ళైపోరు.